సెట్టు తీశాక అంగిట్లో మిగిలే గమ్ము: దేనికి లొంగుతుంది, ఎప్పుడు అనుమానించాలి

పళ్ళ సెట్టు పెట్టుకునే పెద్దవాళ్ళున్న ఇంట్లో రాత్రి పడుకునే ముందు తరచూ వినిపించే మాట ఇది. "సెట్టయితే ఊడొచ్చింది గానీ అంగిట్లో గమ్ము ఒదల్నేదు బావూ. దేంతో గోకాల?" మనవడు ఫోను తీసి వెతుకుతాడు. కోడలు నీళ్ళు మరగబెడుతుంది. పక్కింటావిడ నిమ్మచెక్కతో రుద్దమంటుంది. మందుల షాపులో అడిగితే మౌత్‌వాష్ సీసా ఒకటి చేతిలో పెడతారు. వీటిలో వేడినీటి ఆలోచన ఒక్కటే సగం సరైనది. అదీ మరిగేది కాదు, గోరువెచ్చనిది. మిగతావాటితో ఒరిగేదేమీ లేకపోగా చిగుళ్ళు మండటం ఖాయం.

సెట్టు కదలకుండా దాని లోపల పూసే ఆ గమ్ము అసలు ఏ పదార్థమో ఎవరూ చూడకపోవడం వల్లే ఇన్ని తిప్పలు. చూస్తే సగం సమస్య తీరుతుంది. రెండో సగం ఇంకా ముఖ్యమైనది: అంగిట్లో తెల్లగా కనిపించేదంతా గమ్ము కాదు. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఈ రెండో సంగతికి ఎక్కడా లేనంత బరువుంది. అది కాస్త తర్వాత.

ట్యూబులో ఉన్నదేమిటి

సెట్టు సరిగ్గా కుదిరితే దానికి గమ్ము అక్కర్లేదు. చిగురుకీ ప్లాస్టిక్ పలకకీ మధ్య పలచని లాలాజలం పొర ఉంటుంది. ఆ పొర పట్టు, అంచుల చుట్టూ గాలి చొరకుండా ఉండే బిగింపు, ఈ రెండే పై సెట్టును నిలబెడతాయి. చిగురు అరిగి ఖాళీ ఏర్పడినప్పుడు ఆ పొర తెగిపోతుంది. గమ్ము ఆ ఖాళీని నింపడానికి వచ్చిన పదార్థం.

ఒకప్పటి పళ్ళ సెట్టు పొడుల్లో తపసి బంక వాడేవారు. మన్యంలో తపసి చెట్టు మానుకు గాటు పెడితే కారే బంకే అది. గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర కొనే సరుకుల్లో అది ఇప్పటికీ ఉంది. నీళ్ళు తగిలితే విపరీతంగా ఉబ్బుతుంది, జిగటగా పట్టుకుంటుంది. కానీ దానికి పులుపు గుణం ఉంది. నోట్లో ఇంకా సొంత పళ్ళు కొన్ని మిగిలినవారికి ఆ ఆమ్లం మంచిది కాదు. ఎక్కువసేపు నిలవదు కూడా. అందుకని తయారీదారులు చాలావరకు దాన్ని వదిలేశారు.

ఇప్పటి క్రీముల్లో ప్రధానంగా ఉండేవి రెండు జిగుర్లు. మొదటిది కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, పొట్టిగా సీఎంసీ. తడి తగలగానే సబ్జా గింజలా ఉబ్బి, సెట్టు పెట్టిన కొద్ది నిమిషాల్లోనే పట్టునిచ్చేది ఇదే. కానీ త్వరగా కరిగి కొట్టుకుపోతుంది. అందుకే దానికి తోడుగా రెండోది ఉంటుంది. పేరు పొడుగు, పాలీ వినైల్ మిథైల్ ఈథర్, మలీయిక్ ఆమ్లం కలిసిన పాలిమర్ లవణం. ఇది నెమ్మదిగా తడుస్తుంది, నెమ్మదిగానే కరుగుతుంది. దీని గొలుసుల మధ్య కాల్షియం లాంటి లోహం వంతెనలు వేసి కూర్చుంటుంది కాబట్టి పొద్దున పెట్టిన పట్టు సాయంత్రం దాకా నిలుస్తుంది. రాత్రి మనల్ని ఏడిపించేది కూడా ఈ రెండోదే.

ఈ జిగుర్లు ట్యూబులోనే తడిసిపోకుండా ఉండాలంటే నీళ్ళు లేని పదార్థంలో కలపాలి. అందుకు వాజిలీను, లిక్విడ్ పారఫిన్ వాడతారు. నోట్లో జిడ్డుగా, జారుడుగా, ఎన్నిసార్లు పుక్కిలించినా మైనపు పూతలా మిగిలిపోయేది ఈ భాగం. దానికి నీళ్ళంటే లెక్కే లేదు.

పొడి రూపంలో వచ్చే గమ్ములో ఈ జిడ్డు ఉండదు. అందుకే పొడి వాడేవాళ్ళు "కడిగితే పోయింది" అంటారు, క్రీము వాడేవాళ్ళు "ఎంత కడిగినా పోనేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

నోరు శుభ్రం చేసే వరస

ముందు సెట్టు తియ్యడం. చాలామంది ఇక్కడే తప్పు మొదలుపెడతారు, గట్టిగా ఒక్క లాగు లాగుతారు. తీసే ముందు గోరువెచ్చని నీళ్ళు కొద్దిగా నోట్లో పోసుకుని, బుగ్గలు ఆడిస్తూ రెండు మూడు సార్లు తిప్పి ఉమ్మాలి. నీరు అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. ఆ తర్వాత బొటనవేలు సెట్టు ముందు అంచుకు ఆనించి ఇటూ అటూ మెల్లగా ఆడిస్తే వదులవుతుంది. సింకులో అడుగున తువ్వాలు పరుచుకోవడమో, సగం నీళ్ళు నింపుకోవడమో చేస్తే చేజారినా సెట్టు పగలదు. తడి చేతుల్లో సబ్బులా జారే వస్తువది.

తీశాక చిగుళ్ళ మీదా అంగిలి మీదా మిగిలినదాన్ని గోకకూడదు, నానబెట్టాలి. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి, ఒక్కో గుక్క తీసుకుని అరనిమిషం సేపు నోరంతా తిప్పి ఉమ్మెయ్యాలి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తీరిగ్గా. ఇందులో పనిచేసేవి ముఖ్యంగా వెచ్చదనం, కదలిక, సమయం. ఉప్పుకూ చిన్న పాత్ర ఉంది: సీఎంసీ లాంటి జిగుర్లు ఉప్పునీటిలో మామూలు నీటిలో ఉన్నంత చిక్కగా ఉండవు. పైగా ఒరుసుకుపోయిన చిగురుకు ఉప్పునీరు హాయినిస్తుంది. అంతకుమించి ఉప్పులో మహత్యమేమీ లేదు. కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బుతో ఉప్పు తగ్గించమన్నవాళ్ళు ఉప్పు మానేసి ఉత్త గోరువెచ్చని నీళ్ళతోనే చేసుకోవచ్చు. పుక్కిలించి ఉమ్మేసే ఉప్పు కొద్దిగానే అయినా, పెద్దవయసులో ఒకటి రెండు గుక్కలు మింగెయ్యడం మామూలే.

నీళ్ళ వేడి ఎంత ఉండాలంటే, పాలు పట్టే ముందు పిల్లల తల్లి మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తుందే, అంత. మరిగే నీళ్ళు వద్దు. ముసలివాళ్ళ నోటి పొర పలచగా ఉంటుంది, సులువుగా కాలుతుంది.

ఇప్పుడు మెత్తని నూలు గుడ్డ. ఉతికిన పాత పంచె ముక్క కన్నా మెరుగైనది ఏ షాపులోనూ లేదు. చూపుడువేలికి చుట్టి, తడిపి, అంగిలి వెనక నుంచి ముందుకి తుడవాలి. ముందు నుంచి వెనక్కి తోస్తే గమ్ము ముద్ద గొంతు దగ్గరికి పోయి వాంతి తన్నుకొస్తుంది. బుగ్గకీ చిగురుకీ మధ్య సందు, పై పెదవి లోపలి మడత, నాలుక కింద పక్కలు, గమ్ము దాక్కునే చోట్లు ఇవే. నోరంతా అయిందనుకుని మనం మర్చిపోయేదీ ఇవే. ఒకసారి తుడిచాక గుడ్డ మడత మార్చాలి, లేకపోతే తీసినదాన్నే మళ్ళీ పూస్తాం.

చాలామందికి ఇంతటితో అయిపోతుంది. క్రీము వాడేవాళ్ళకి ఇంకా జిడ్డు పూత మిగిలితే అప్పుడు నూనె. వాజిలీను నూనెలో కలిసిపోతుంది, నీళ్ళలో కలవదు. ఇంట్లో ఉన్న కొబ్బరి నూనో, నువ్వుల నూనో నాలుగు చుక్కలు గుడ్డ మీద వేసి, పూత ఉన్నచోట మెల్లగా రాసి, నిమిషం ఆగి, పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. ఆ తర్వాత మెత్తని బ్రష్షు మీద బఠానీ గింజంత పేస్టు పెట్టి చిగుళ్ళనీ అంగిలినీ తేలిగ్గా తోముకుంటే నూనె కూడా పోతుంది. పేస్టులో నురగ తెప్పించే సబ్బు గుణం ఉన్న పదార్థం ఉంటుంది, జిడ్డును ఎత్తేది అదే. చివర మామూలు నీళ్ళతో పుక్కిలించడం.

నూనె గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. నూనె పుక్కిలించడం ఆరోగ్యమని పేపర్లో చదివి, మంచం పట్టిన ముసలాయన నోట్లో గరిటెడు నూనె పోసేవాళ్ళున్నారు. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి, పక్షవాతం వచ్చినవాళ్ళకి ఆ నూనె పొరపాటున ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదం. వాళ్ళకి నీళ్ళు పుక్కిలింపించడం కూడా వద్దు. కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి, తడి గుడ్డతో మాత్రమే తుడవాలి. కాస్త ఆలస్యమైనా అదే దారి.

తుడవగా మిగిలిన రవ్వంత గమ్ము మింగేస్తే ఏమవుతుందని భయపడేవాళ్ళకి: ఏమీ కాదు. నోట్లో పెట్టుకోవడానికే చేసిన పదార్థం. రోజంతా కొద్దికొద్దిగా కరిగి ఎలాగూ కడుపులోకే పోతోంది. రోజుల తరబడి అదే చోట పేరుకుపోనిస్తే మాత్రం దాని కింద బూజు పెరుగుతుంది. కట్టుడు పళ్ళ నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ప్రోస్థోడాంటిస్ట్స్ 2011లో ఇచ్చిన సూచనల్లో గమ్మును సెట్టు నుంచీ నోట్లోంచీ రెండింటిలోంచీ ప్రతిరోజూ పూర్తిగా తీసెయ్యాలని ప్రత్యేకంగా చెప్పింది అందుకే.

వద్దనే జాబితా పెద్దదే, కారణం మాత్రం దాదాపు ఒకటే. వేపపుల్ల, గోరు, పిన్నీసు, నాలుక గీసుకునే బద్ద, ఇవన్నీ గమ్ము కంటే ముందు చర్మాన్ని తీస్తాయి. నిమ్మరసం, వెనిగర్ ఒరుసుకున్న చిగురు మీద మంట పెడతాయి, జిడ్డును కదిలించవు. ఘాటైన మౌత్‌వాష్‌లో ఆల్కహాలు ఉంటే నోరు మరింత ఆరిపోతుంది. సెట్టు నానబెట్టే నురగ బిళ్ళలు సెట్టుకి మాత్రమే, వాటి నీళ్ళతో పుక్కిలించడం ఎప్పుడూ చెయ్యకూడదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఒడిశా సరిహద్దు ఊళ్ళలో దొరికే గుడాకు గురించి వేరే చెప్పాలా? గుడాకు అంటే పొగాకే. శుభ్రం పేరుతో పొగాకును చిగురుకి రుద్దడం అది.

సెట్టు దగ్గర లెక్క తిరగబడుతుంది

ఇక్కడ ఒక తికమక ఉంది. నోట్లోని చర్మానికి పేస్టు మంచిదే, సెట్టుకి మాత్రం కాదు. 1930ల చివర నుంచీ సెట్లు యాక్రిలిక్‌తో చేస్తున్నారు. అది పంటి పింగాణీ అంత గట్టిది కాదు. పేస్టులోని గరుకు పొడి దాని మీద కంటికి కనిపించని గీతలు పెడుతుంది. ఆ గీతల్లోనే రేపటి గమ్ము, బూజు చేరతాయి. సెట్టుకి చేతులు కడిగే సబ్బో, గిన్నెలు తోమే ద్రవమో రెండు చుక్కలు, మెత్తని బ్రష్షు, గోరువెచ్చని నీళ్ళు చాలు. బాగా వేడినీళ్ళు పోస్తే యాక్రిలిక్ వంగుతుంది. ఒక్కసారి వంగిన సెట్టు మళ్ళీ పాత ఆకారానికి రాదు. అప్పుడు ఇంకా ఎక్కువ గమ్ము కావాలి. ఈ చక్రంలో ఇరుక్కున్న ఇళ్ళు చాలా ఉంటాయి.

రాత్రి సెట్టు నీళ్ళ గిన్నెలో ఉండాలి, నోట్లో కాదు. "సెట్టు లేకపోతే ముఖం బాగుండదు" అని చుట్టాలొచ్చిన రోజుల్లో రాత్రంతా పెట్టుకుని పడుకునే మామ్మల బాధ అర్థమవుతుంది. కానీ నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది, పలక కింద గాలి ఆడదు. తెల్లారేసరికి గమ్ము ఎండి అట్టకట్టడం ఒకటి, చిగురు ఎర్రబడటం రెండు.

నోరు ఎండేవాళ్ళకి ఇది రెట్టింపు బెడద. లాలాజలం లేకపోతే సెట్టూ నిలవదు, గమ్మూ సరిగ్గా ఉబ్బదు, ఎండిన గమ్ము వదలనూ వదలదు. బీపీకి వాడే నీళ్ళ మాత్రలు, ఎలర్జీ మాత్రలు, దిగులు తగ్గించే మందులు కొన్ని నోరు ఎండబెడతాయి. ఉద్దానం సంగతి వేరుగా చెప్పుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంతగా పాతుకుపోయిందంటే, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన పెద్దాసుపత్రే తెరవాల్సి వచ్చింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క ఉంటుంది. నోరు ఎండుతుంది. "కాస్త నీళ్ళు తాగు, గమ్ము వదులుతుంది" అనే సలహా వాళ్ళకి పనికిరాదు. నోరు తడిపి ఉమ్మడం, తడి గుడ్డతో తుడవడం, అవసరమైతే నూనె చుక్క, ఇవే వాళ్ళ దారి. సెట్టు పెట్టుకునే ముందు దాన్ని కొద్దిగా తడిపి పెట్టుకుంటే మేలు.

కిడ్నీ జబ్బు ఉన్నా లేకపోయినా ట్యూబు మీద ఉన్న దినుసుల పేర్లు ఒకసారి చదివించుకోవాలి. కొన్ని పాత క్రీముల్లో జింక్ ఉండేది. అతిగా వాడితే ఒంట్లో చేరిన జింక్ రాగిని పట్టనివ్వదు, రాగి తగ్గితే నరాలు దెబ్బతింటాయి. వారానికి రెండు ట్యూబులు, అంతకంటే ఎక్కువ వాడిన నలుగురిలో కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి, నడక తడబడి ఈ సంగతి బయటపడినట్టు 2008లో అమెరికా వైద్యులు న్యూరాలజీ పత్రికలో రాశారు. 2010 ఫిబ్రవరిలో గ్లాక్సోస్మిత్‌క్లైన్ తన జింక్ క్రీముల తయారీని ఆపేసింది. మామూలు మోతాదులో వాడేవాళ్ళు బెదరనక్కర్లేదు. మామూలు మోతాదు అంటే ఎంతో చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు: పైనా కిందా రెండు సెట్లూ ఉన్న మనిషికి 68 గ్రాముల ట్యూబు ఏడెనిమిది వారాలు రావాలన్నది అమెరికా ఆహార ఔషధ సంస్థ లెక్క. అంటే రోజుకి గ్రామున్నర లోపే. 15 గ్రాముల చిన్న ట్యూబు కనీసం పది రోజులు రావాలి. మూడు రోజులకే ఖాళీ అవుతోందంటే రాత్రి మీరు కుస్తీ పడుతున్న గమ్ములో ఎక్కువ భాగం పొద్దున అవసరం లేకుండా పెట్టినదే. సెట్టు నొక్కినప్పుడు అంచుల్లోంచి బయటికి ఉబికితే అది ఎక్కువైనట్టే.

అన్నీ చేసినా తెల్లగా ఉందంటే

ఇంతదాకా చెప్పిన వరస ఒక పరీక్ష కూడా. గోరువెచ్చని నీళ్ళు, తడి గుడ్డ, నూనె, పేస్టు, ఈ నాలుగూ దాటి నిలబడే గమ్ము లేదు. మర్నాటికి కూడా అదే చోట తెల్లగా ఉంటే అది గమ్ము కాదని అనుకోవాలి. అప్పుడు గోకడం ఆపి, మంచి వెలుతురులో, ఫోను టార్చి వేసి, నోరు బాగా తెరిపించి చూడాలి.

గమ్ము వేలికి జారుతుంది, సాగుతుంది, తడిస్తే మెత్తబడుతుంది. దాని కింద చర్మం మామూలుగా ఉంటుంది.

పాలవిరుగులాగో పెరుగు తరకలాగో ఉండి, గుడ్డతో తుడిస్తే ఊడొచ్చి, కింద ఎర్రగా, ఒక్కోసారి కాస్త నెత్తురు చెమర్చుతూ కనిపిస్తే అది క్యాండిడా అనే బూజు. షుగరు ఉన్నవాళ్ళకి, ఉబ్బసానికి ఇన్‌హేలరు పీల్చి నోరు కడుక్కోనివాళ్ళకి, రాత్రి కూడా సెట్టు తియ్యనివాళ్ళకి ఎక్కువ వస్తుంది. తెలుపు లేకుండా, అచ్చంగా పలక ఆకారంలోనే అంగిలి ఎర్రబడటం దీని ఇంకో వేషం. దీనికి డాక్టరు రాసే నిస్టాటిన్, క్లోట్రిమజోల్ లాంటి మందులున్నాయి. నోటికి మందేసి సెట్టును వదిలేస్తే మాత్రం ఆ సెట్టు నుంచే బూజు మళ్ళీ వస్తుంది.

మూడోది, తుడిచినా గీసినా ఊడనిది. చర్మమే తెల్లబడి మందమైనది. ఇందుకే మన తీరం సంగతి విడిగా చెప్పాలన్నాను.

కళింగపట్నం, భావనపాడు వైపు, ఇటు విజయనగరం తీరం పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డచుట్ట కాల్చడం బయటివాళ్ళకి వింత, ఇక్కడివాళ్ళకి కాదు. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే ఆ చుట్ట వేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి. 1971లో జె.జె. పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా, ప్రకాష్ గుప్తా తదితరులు 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళు పరీక్షించి బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చువేసిన అధ్యయనం ఆంధ్ర పల్లెల అడ్డపొగ గురించే. అంగిలి తెల్లబడటం, చిన్నచిన్న బొడిపెలు, ఎర్ర మచ్చలు, రంగు వెలిసిపోయిన చోట్లు, పుండ్లు, ఇవన్నీ అడ్డపొగ వల్ల వచ్చే మార్పులే. కొందరిలో అవి అంగిలి క్యాన్సరు దాకా పోతాయి. మిగతా ప్రాంతాల్లో నోటి క్యాన్సరంటే బుగ్గ, నాలుక గుర్తొస్తాయి. ఇక్కడ అంగిలి కూడా గుర్తు రావాలి.

అడ్డచుట్ట కాల్చిన మామ్మకి పై సెట్టు ఉంటే, ఆ మచ్చ పగలంతా పలక కింద దాగి ఉంటుంది. రాత్రి సెట్టు తీశాక కనిపించే తెలుపును ఇంట్లోవాళ్ళు "గమ్ము మిగిలింది" అనుకుంటారు. నొప్పి ఉండదు కాబట్టి ఆవిడా పట్టించుకోదు. చుట్ట మానేసి ఏళ్ళయినా అంగిలి చూపించుకోవాల్సిందే. మగవాళ్ళ ముందు, డాక్టరు ముందు "కాలుస్తాను" అని చెప్పడానికి సిగ్గుపడే పెద్దావిడని కోడలో కూతురో పక్కన కూర్చుని నెమ్మదిగా అడగాలి. మందలిస్తే అబద్ధమే వస్తుంది.

రెండు వారాలు దాటి తగ్గని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, పుండు, గడ్డ, ఏదైనా పళ్ళ డాక్టరు చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో పళ్ళ విభాగం ఉంది. విజయనగరం, విశాఖల మధ్య సంగివలసలో దంతవైద్య కళాశాల ఉంది. ముక్క పరీక్ష (బయాప్సీ) అవసరమై, ఫలితం చెడ్డగా వస్తే అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇదంతా చెప్పింది భయపెట్టడానికి కాదు. తెల్ల మచ్చల్లో ఎక్కువ భాగం క్యాన్సరు కానే కావు. కాకపోతే ఏది అవునో, ఏది కాదో ఇంట్లో టార్చి వేసి తేల్చే విషయం కాదు.

ఈ వరసకి లొంగని జిగుర్లు

పళ్ళ జిగురు అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. కాలేజీ పిల్లలకి క్లిప్పులు తీశాక పంటి మీద గరుకుగా మిగిలేది రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్ జిగురు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ పంటిని ఆమ్లంతో కాస్త గరుకు చేస్తే రెసిన్ లోపలికి దిగి పట్టుకుంటుందని చూపించాక ఈ పద్ధతి వచ్చింది. అది నీళ్ళకీ నూనెకీ దేనికీ కరగదు. గోటితోనో బ్లేడుతోనో గీకితే రెసిన్ కంటే ముందు పంటి పైపొర పోతుంది. మళ్ళీ క్లిప్పులు తీసిన చోటికే వెళ్తే చిన్న డ్రిల్లుతో నునుపు చేస్తారు, కొద్ది నిమిషాల పని. క్యాపు పెట్టాక చిగురు అంచున మిగిలిన సిమెంటు కూడా అంతే. ఊడొచ్చేది దారంతో, బ్రష్షుతో వస్తుంది, రానిది డాక్టరు తియ్యాలి. వదిలేస్తే చిగురు వాస్తుంది.

విరిగిన సెట్టును ఫెవిక్విక్‌తో అతికించుకునేవాళ్ళు ఊరికొకరైనా ఉంటారు. ఖర్చు తప్పుతుందని. ఆ జిగురు తేమ తగిలితే క్షణాల్లో గట్టిపడుతుంది, అది నోటి కోసం చేసినది కాదు, అతికిన చోట సెట్టు పొందిక మారిపోతుంది. పొరపాటున చిగురుకో పెదవికో అంటుకుంటే లాగకూడదు. లాగితే చర్మం ఊడుతుంది. గోరువెచ్చని నీళ్ళతో తడుపుతూ ఉండాలి, లాలాజలమే ఒకటి రెండు రోజుల్లో వదిలిస్తుంది. గోళ్ళరంగు తీసే అసిటోన్ నోట్లో పెట్టకూడదు. గొంతులోకి పోయిందని అనుమానం ఉన్నా, ఊపిరి ఇబ్బంది అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గమ్ము ఎందుకు పెరుగుతూ పోతుంది

పళ్ళు తీసేశాక దవడ ఎముక అరగడం మొదలవుతుంది, మొదటి ఏడాది మరీ వేగంగా. ఆంట్యే టాల్‌గ్రెన్ ఏళ్ళ తరబడి ఎక్స్‌రేలు తీసి 1972లో రాసినదాని ప్రకారం, ముందు భాగంలో కింది దవడ పై దవడ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుంది. సెట్టు మాత్రం చేసిన రోజు కొలతలోనే ఉంటుంది. కింది సెట్టుకే గమ్ము ఎక్కువ కావాల్సి రావడం, భీమాలి మామిడి తాండ్ర కొరికితే మొదట లేచేది కింది సెట్టే కావడం అందుకే.

కాబట్టి రాత్రి పూట గమ్ము వదిలించడం మీద నెలనెలా కష్టం పెరుగుతోందంటే క్రీము మార్చినంత మాత్రాన లాభం లేదు. పాత సెట్టు లోపలి వైపు కొత్త పొర వేయించి ఇప్పటి చిగురుకు సరిపోయేలా చెయ్యవచ్చు, దాన్ని రీలైనింగ్ అంటారు. కొత్త సెట్టు కంటే ఖర్చు తక్కువ. సెట్టు మరీ పాతదైతే, పళ్ళు అరిగిపోతే కొత్తదే చేయించాలి. చిగురు మీద పుండు ఉంటే అది మానేదాకా డాక్టరు కొలత తీసుకోడు, కొన్ని రోజులు సెట్టు లేకుండా ఉండమనొచ్చు.

చూపించుకోవడానికి వెళ్ళే రోజు గమ్ము పెట్టుకోకుండా వెళ్ళండి. ముందు రాత్రి నోరు, సెట్టు రెండూ శుభ్రంగా కడిగి, సెట్టును నీళ్ళు పోసిన డబ్బాలో వేసి పట్టుకెళ్ళండి. గమ్ము పూసుకుని వెళితే సెట్టు ఎంత వదులుగా ఉందో డాక్టరుకి తెలియదు, అంగిలి మీద ఏముందో కనిపించదు. వాడుతున్న గమ్ము ట్యూబునీ, రోజూ వేసుకునే మాత్రల చీటీనీ, ఇన్‌హేలరు ఉంటే దాన్నీ సంచిలో వేసుకోండి.